ముందే కట్టిన డబ్బుకు కాపలా ఎవరు? విమానాలు మళ్లీ ఆగకముందే చేయాల్సిన పనుల గురించి ఒక బహిరంగ లేఖ

పౌర విమానయాన రంగాన్ని పర్యవేక్షించే అధికారులకు, విమాన సంస్థల యాజమాన్యాలకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో విమాన టికెట్లు బుక్ చేసే చిన్న ఏజెంట్లం, కాశీ నుంచి బ్యాంకాక్ దాకా యాత్రలు నడిపేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. కోవిడ్ రోజుల్లో ఇరుక్కుపోయిన ప్రయాణికుల డబ్బు గురించి పంపాల్సిన చోట్లకు వినతిపత్రాలు పంపాం. అందినట్టు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. పాత బాకీల సంగతి అలా ఉంచి, రేపు మళ్లీ విమానాలు ఆగితే ఏం జరుగుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ప్రయాణానికి మూడు నెలల ముందు కట్టిన టికెట్ డబ్బుకు ఈ దేశంలో ఈరోజుకీ కాపలా లేదు. మా మాటంతా దాని గురించే.

విమాన సంస్థల కష్టం మాకు తెలియనిది కాదు. ముందు అదే చెప్తాం.

విహారయాత్రల మీద బతికే విమాన సంస్థ లెక్క వేరుగా ఉంటుంది. యూరప్‌లో టుయి, కాండోర్, జెట్2 లాంటివి అచ్చంగా ఈ పని మీదే నడుస్తాయి. మన దగ్గర విడిగా అలాంటి పెద్ద సంస్థ లేదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో శ్రీనగర్, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం), గోవా, బ్యాంకాక్ వెళ్లే సీట్లలో ఎక్కువ భాగం ఆ కోవలోవే. ఆఫీసు పని మీద తిరిగేవాడు రెండు రోజుల ముందు టికెట్ కొంటాడు. పిల్లాపాపలతో ఊళ్లు చూడటానికి వెళ్లేవాళ్లు జనవరిలో కొని మేలో ఎక్కుతారు. యూరప్ విహార సంస్థలకు వేసవి నాలుగైదు నెలల రాబడే ఏడాదంతటికీ తిండి. చలికాలంలో సగం ఖాళీగా ఎగిరే విమానాల అద్దెలు, జీతాలు గడిచేది రాబోయే వేసవికి జనం ముందే కట్టిన డబ్బుతోనే. అంటే ప్రయాణికుడు తనకు తెలియకుండానే ఆ సంస్థకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడు.

విమానాలు ఆగిన రోజున ఆ సంస్థకు రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. కొత్త బుకింగ్‌లు రావు, పాత బుకింగ్‌ల డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇంధనం ఖర్చు, ల్యాండింగ్ ఛార్జీలు మిగిలే మాట నిజమే. అద్దె మాత్రం ఆగదు. మన దేశంలో ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం లీజువి, ఆ అద్దె నెలనెలా డాలర్లలో కట్టాలి. ఇన్సూరెన్స్ కట్టాలి, నిలిపిన చోటుకి పార్కింగ్ ఛార్జీ కట్టాలి, పైలట్ల లైసెన్సులు చెల్లుబాటులో ఉంచాలి. 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేయని పైలట్‌కు ప్రయాణికులను ఎక్కించుకుని ఎగిరే అర్హత పోతుంది. విమానాలు నేల మీదుంటే దీన్ని సిమ్యులేటర్‌లో పూర్తి చేయాలి, దానికీ ఖర్చే.

ఇక నిలిపేసిన విమానం సంగతి. నాలుగు నెలలు కదపని ట్రాక్టరుకు ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కర్లేదు. బ్యాటరీ దిగిపోతుంది, టైరు ఒకేచోట నొక్కుకుపోతుంది, డీజిల్ ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. విమానానికీ అవే జబ్బులు. ఇంజిన్ ముందూ వెనకా మూతలు బిగించి, లోపల తేమ పీల్చే సంచులు పెడతారు. పక్కన ఒక చిన్న కార్డు ఉంటుంది. తేమ పెరిగితే దాని రంగు మారుతుంది, మారిందంటే సంచులు మార్చాలి. చక్రాలను ఎప్పటికప్పుడు కాస్త కదిపి నిలపాలి. ఇంధన ట్యాంకు అడుగున చేరిన నీటిని వంచేయాలి, లేకపోతే అందులో బూజు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. వేగం కొలిచే పిటో గొట్టానికి తొడుగు వేయడం మరిచిపోతే కందిరీగ దూరి మట్టిగూడు పెడుతుంది. మన ఇళ్లలో ప్లగ్గు రంధ్రాలనూ తాళం రంధ్రాలనూ మట్టితో పూడ్చే పురుగు జాతే అది. ఆ గొట్టం మూసుకుపోతే విమానం ఎంత వేగంతో పోతోందో పైలట్‌కు సరిగ్గా తెలియదు. ఈ తనిఖీలు వారానికోసారి కొన్ని, రెండు వారాలకు కొన్ని, నెలకు కొన్ని చేస్తూనే ఉండాలి. సముద్రపు గాలి తగిలే చోట తుప్పు బెడద మరీ ఎక్కువ. అందుకే ప్రపంచంలోని సంస్థలు తమ విమానాలను స్పెయిన్‌లోని తెరువెల్, ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ లాంటి పొడి నేలలకు తీసుకెళ్లి నిలిపాయి. 2020 జులైలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అత్యవసర ఆదేశం ఇచ్చింది. వరుసగా ఏడు రోజులు, అంతకు మించి ఎగరని బోయింగ్ 737 విమానాల్లో మ్యాక్స్‌కు ముందు తరాల వాటి ఇంజిన్లలో ఒక కవాటం తుప్పు పట్టి తెరిచినది తెరిచినట్టే ఉండిపోతోందని, రెండు ఇంజిన్లూ ఆగిపోయే ప్రమాదం ఉందని, ఎగిరేముందు దాన్ని చూసి తీరాలని దాని సారాంశం. వారం రోజులకే అంత ప్రమాదం. కాబట్టి నిలిపిన విమానం మీద పెట్టే ఖర్చులో కోత పెట్టమని మేము ఎన్నడూ అడగం.

ఈ గండం గట్టెక్కడానికి సంస్థలు ఏం చేశాయో చూశాం. జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ద్వారా టుయి 180 కోట్ల యూరోల రుణం, కాండోర్ 55 కోట్ల యూరోల రుణం తెచ్చుకున్నాయి. అమెరికాలో సన్ కంట్రీ సంస్థ 2020 మే నుంచి అమెజాన్ సరుకు మోసింది. మన దేశంలో ప్రయాణికుల సీట్ల మీద సరుకు పెట్టి ఎగరడానికి అనుమతి ఇచ్చారు. జీతాలు కోశారు, జీతం లేని సెలవులు ఇచ్చారు. అద్దె గంటల లెక్కన కట్టేలా లీజు కంపెనీలతో కొన్ని సంస్థలు మాట్లాడుకున్నాయి. వీటిలో దేన్నీ మేము తప్పు పట్టడం లేదు. ఇన్ని దారుల్లోకీ తేలిగ్గా దొరికే అప్పు ప్రయాణికుడి డబ్బే కావడం మాత్రం ఒప్పుకోలేం. బ్యాంకు హామీ అడుగుతుంది. లీజు కంపెనీ విమానం పట్టుకుపోతానంటుంది. కావలిలోనో పొదిలిలోనో కూర్చున్న ప్రయాణికుడు ఏమీ అనలేడు, అతని చేతిలో ఉన్నది ఒక పీఎన్‌ఆర్ నంబరే.

మా జిల్లాల మీద ఇది ఎలా పడిందో వరుసగా రాస్తున్నాం.

1. దెబ్బ తగిలిన సమయం. అంతర్జాతీయ షెడ్యూల్డ్ విమానాలు 2020 మార్చి 23 నుంచి, దేశీయ విమానాలు మార్చి 25 నుంచి ఆగాయి. ఏడాదిలో ఇంతకంటే చెడ్డ సమయం ఇంకోటి ఉండదు. పిల్లల పరీక్షలు అయిపోయే నెల, వరి కోతల డబ్బు చేతికొచ్చే కాలం. వేసవి యాత్రలకు జనం డబ్బు కట్టేసి, ఒక్కరు కూడా ఇంకా ఎక్కని రోజులు. మేత కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు ఆక్వా రైతులనూ డీలర్లనూ తీసుకెళ్లే బ్యాంకాక్ టూర్లకు అడ్వాన్సులు కట్టేది కూడా అప్పుడే. విహార ప్రయాణానికి సంబంధించినంత వరకు జనం డబ్బు సంస్థల దగ్గర నిండుగా ఉండే నెల మార్చి.

2. క్రెడిట్ షెల్ లెక్క. డబ్బు తిరిగి ఇవ్వకుండా, అంత విలువకు మళ్లీ టికెట్ కొనుక్కోమని సంస్థ దగ్గరే జమ ఉంచడాన్ని క్రెడిట్ షెల్ అన్నారు. అది తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని, సంస్థ తనంతట తాను అంటగట్టకూడదని అప్పటికే దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఉంది. అయినా 2020 వేసవిలో అడక్కుండానే అందరికీ అదే వచ్చింది. సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో బుక్ చేసి లాక్‌డౌన్‌లోనే ప్రయాణించాల్సిన టికెట్లకు వెంటనే పూర్తి డబ్బు ఇవ్వాలి. మిగతావారికి 15 రోజుల్లో ఇవ్వాలి, ఆర్థిక ఇబ్బంది వల్ల ఇవ్వలేకపోతే 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్ ఇవ్వాలి, అప్పటికీ వాడుకోకపోతే డబ్బు తిరిగి చెల్లించాలి. షెల్ విలువకు 2020 జూన్ 30 వరకు నెలకు 0.5 శాతం, ఆ తర్వాత నెలకు 0.75 శాతం కలపాలి.

దీన్ని మన లెక్కలో చూద్దాం. రూ.10,000 టికెట్ ఏప్రిల్ 1న రద్దయిందనుకోండి. జూన్ దాకా మూడు నెలలకు రూ.150, జులై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలకు రూ.675. ఏడాదికి వచ్చేది రూ.825. అదే ప్రయాణికుడు లాక్‌డౌన్‌లో ఇల్లు గడవక ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకుంటే ఏడాదికి కట్టేది రూ.2,400. తన పదివేలు సంస్థ దగ్గర ఉండగానే, దాని కోసం మరో పదివేలు అప్పు చేసి, ఏడాదికి రూ.1,575 చేతి నుంచి పెట్టుకున్నాడన్నమాట. పోనీ ఆ షెల్‌తో మళ్లీ ఎక్కాడా? దేశీయ విమానాలు నూరు శాతం సర్వీసులకు చేరింది 2021 అక్టోబర్ 18న. అంతర్జాతీయ షెడ్యూల్డ్ విమానాలు మొదలైంది 2022 మార్చి 27న. విదేశీ యాత్ర షెల్ గడువు అంతకు ఏడాది ముందే ముగిసిపోయింది. పైగా 2020 మే నుంచి టికెట్ ధరలకు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ప్రభుత్వమే హద్దులు పెట్టింది. ఆఫర్‌లో తక్కువకు కొన్న పాత టికెట్ విలువ ఆ కొత్త ధరకు చాలలేదు, తేడా ప్రయాణికుడే పెట్టుకోవాల్సి వచ్చింది.

3. డబ్బు నడిచే దారి. దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒంగోలులో ఒక కుటుంబం నగదు ఇచ్చి టికెట్ తీసుకుంటుంది. చిన్న ఏజెంట్‌కు విమాన సంస్థతో నేరుగా ఖాతా ఉండదు. అతను ఒక పోర్టల్‌లో ముందే డబ్బు వేసుకుంటాడు, దాన్ని వాలెట్ అంటాం. పోర్టల్ వెనక ఒక పెద్ద కన్సాలిడేటర్, అంటే టికెట్ల టోకు వ్యాపారి, ఆ వెనక విమాన సంస్థ. వెళ్లేటప్పుడు డబ్బు ఈ నాలుగు మెట్లూ నిమిషంలో దాటుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర ఆగుతుంది. సంస్థ తన దగ్గరున్న కన్సాలిడేటర్ ఖాతాలో జమ చేసి 'రీఫండ్ అయింది' అని రాసేస్తుంది. కాగితం మీద బాధ్యత తీరినట్టే. కన్సాలిడేటర్ పోర్టల్‌కు, పోర్టల్ ఏజెంట్ వాలెట్‌కు వేస్తాయి. ఆ వాలెట్‌లోది మళ్లీ టికెట్లు కొనడానికే పనికొస్తుంది, బ్యాంకుకు తీసుకోవాలంటే దరఖాస్తు, సర్వీసు ఛార్జీ, మరికొన్ని వారాలు. విమానాలే లేని రోజుల్లో టికెట్లు కొనేదెవరు?

ఇంకో ముడి కూడా ఉంది. చిన్న ఊళ్లలో బుకింగ్‌లో రాసే ఫోన్ నంబరు, ఈ-మెయిల్ చాలాసార్లు ఏజెంట్‌వే. రద్దయిన సందేశం, షెల్ వివరం, గడువు హెచ్చరిక అన్నీ ఆ నంబరుకే పోతాయి. షాపు మూతపడి ఏజెంట్ నంబరు మార్చేస్తే ప్రయాణికుడికి తన డబ్బు ఎక్కడుందో తెలిసే దారే లేదు. ఏజెంట్ అంటే సంస్థ నియమించిన ప్రతినిధే కాబట్టి డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత సంస్థదేనని, 30 పని దినాల్లో పూర్తి కావాలని కోవిడ్ నాటి డీజీసీఏ నిబంధన చెప్పింది. అది ఆచరణలో ఎక్కడ ఆగిందో పైన రాశాం. ఈ విషయంలో మా వృత్తిలోనూ తప్పులున్నాయి. వాలెట్‌కు వచ్చిన డబ్బును పాత బాకీల కింద సర్దుకున్న ఏజెంట్లు ఉన్నారు. దాన్ని దాచి ఈ లేఖ రాయలేం.

4. గ్రూపు డిపాజిట్లు. సాధారణంగా పదిమంది, అంతకు మించితే గ్రూపు బుకింగ్. ముందు సీటుకు ఇంత అని డిపాజిట్ కట్టి సీట్లు పట్టుకుంటాం. ప్రయాణికుల పేర్లు తర్వాత ఇస్తాం, మిగతా డబ్బు కట్టాక టికెట్లు తయారవుతాయి. ఉదాహరణకు 30 మంది టూరుకు సీటుకు రూ.5,000 చొప్పున లక్షన్నర కట్టారనుకోండి. పేర్లు ఇవ్వకముందే విమానాలు ఆగాయి. డబ్బు అడిగితే 'డిపాజిట్ టికెట్ కాదు, ఒప్పందం ప్రకారం తిరిగి రాదు' అన్న జవాబు. కోర్టు తీర్పు టికెట్ల గురించి ఇచ్చిందే, టికెట్ పుట్టకముందు కట్టిన డబ్బు ఎటూ కాకుండా పోయింది. చీటీ పాడుకుని, పింఛను కూడబెట్టుకుని కాశీ, గయ బయల్దేరే పెద్దవాళ్ల యాత్రలన్నీ గ్రూపు బుకింగ్‌లే. భర్త పిండప్రదానానికని గయకు డబ్బు కట్టిన పెద్దావిడకు ఒప్పందంలోని ఆ క్లాజు చదివి వినిపించాల్సింది మేమే.

5. విమానం ఎగిరింది, మనిషి చేరలేకపోయాడు. మా రెండు జిల్లాల్లో ప్రయాణికుల విమానం దిగే చోటు లేదు. నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది, విమానం మాత్రం ఇంకా దిగలేదు. నెల్లూరు వాళ్లు సుమారు 180 కిలోమీటర్లు వెళ్లి చెన్నైలోనో, 130 కిలోమీటర్లు వెళ్లి రేణిగుంటలోనో ఎక్కాలి. ఒంగోలు వాళ్లకు గన్నవరం 150 కిలోమీటర్ల పైమాటే. 2020 మే 25న దేశీయ విమానాలు మూడో వంతు సర్వీసులతో మొదలైనప్పుడు చెన్నై చేరాలంటే తమిళనాడు ఈ-పాస్ కావాలి. పాస్ రాకపోతే తడ దాటడం కుదరదు. జూన్ 19 నుంచి చెన్నై, చుట్టుపక్కల జిల్లాల్లో మళ్లీ పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. ఇక్కడ నెల్లూరు, ఒంగోలుల్లో కంటైన్‌మెంట్ జోన్లకు కర్రలు కట్టేసి ఉన్నాయి. గుమ్మం దాటితే కేసు. కానీ విమానం మాత్రం వేళకు ఎగిరింది కాబట్టి లెక్కలో అది రద్దు కాదు. ప్రయాణికుడు 'నో షో', అంటే టికెట్ ఉండీ రానివాడు. పన్నులు తప్ప చేతికి ఏమీ రాదు. విమానాశ్రయం ఉన్న నగరంలో కూర్చుని నిబంధన రాసేవారికి ఈ కష్టం తట్టకపోవచ్చు. జిల్లా దాటి, రాష్ట్రం దాటి విమానం ఎక్కే మా జనానికి ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం.

6. పీతలు. విహారయాత్రల విమానాలకూ పీతలకూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. ప్రపంచంలో విమానాల్లో వెళ్లే సరుకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల పొట్టలోనే వెళ్తుంది. మా తీరంలో పట్టిన మండపీతలను డెక్కలు కట్టి, తడి ఆరకుండా సర్ది, బతికుండగానే చెన్నై నుంచి విదేశాలకు పంపుతారు. రోజు ఆలస్యమైతే చచ్చిన పీతకు ధర లేదు. ప్రయాణికుల విమానాలు ఆగితే పర్యాటకులతో పాటు వల వేసేవాడి కూలీ కూడా ఆగుతుంది.

7. కోర్టుకు వెళ్లే గడువు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు ఆ లెక్కలోంచి తీసేసింది. దాన్ని కలుపుకున్నా 2020 వేసవి టికెట్లకు గడువు 2024 ఆరంభంలోనే తీరిపోయింది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. రూ.5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, నెల్లూరులోనూ ఒంగోలులోనూ కమిషన్లు ఉన్నాయి. ఈ వివరం చాలామందికి ఇప్పటికీ తెలియదు కాబట్టి ఇక్కడ రాశాం. నాలుగు వేల టికెట్ కోసం ఎవరూ కోర్టు మెట్లెక్కరు. అలాంటి నాలుగు వేలు ఎన్ని కలిస్తే ఎంతవుతుందో సంస్థల పుస్తకాల్లో ఉంటుంది.

8. చిన్న ఏజెంట్లకు అందని సాయం. 2021 జూన్‌లో కేంద్రం పర్యాటక రంగానికి తన హామీతో బ్యాంకులిచ్చే రుణాలు ప్రకటించింది. సంస్థకు రూ.10 లక్షలు, గైడ్‌కు రూ.లక్ష. సంస్థల్లో అర్హులు కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉన్నవారు మాత్రమే, దేశం మొత్తం మీద దాదాపు వెయ్యి. బస్టాండు పక్కన పది అడుగుల గదిలో టికెట్లు కొట్టే ఏజెంట్‌కు ఆ గుర్తింపు ఉండదు.

ఇవన్నీ దేవుడు చేసిన నష్టాలు కావు, ఏర్పాటు లేక వచ్చినవి. ఏర్పాటు ఉన్నచోట ఏం జరిగిందో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2019 సెప్టెంబర్ 23న థామస్ కుక్ కూలిపోయింది. అంత పెద్ద విహార సంస్థ ఒక్క రాత్రిలో ఆగినా, విదేశాల్లో చిక్కుకున్న దాదాపు 1,50,000 మందిని అక్కడి ప్రభుత్వం ఇంటికి చేర్చింది. ప్యాకేజీ కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వడానికి 'అటాల్' అనే రక్షణ పథకం కింద నిధి సిద్ధంగా ఉంది. దానికి ప్రతి ప్యాకేజీ ప్రయాణికుడి నుంచి తీసుకునేది రెండున్నర పౌండ్లు. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. రెండూ చివరకు లిక్విడేషన్‌కే, అంటే ఆస్తులు అమ్మి మూసేయడానికే వెళ్లాయి. దివాలా చట్టం వరుసలో టికెట్ కొన్నవాడు హామీ లేని అప్పులవాళ్ల మధ్య నిలబడ్డాడు. బ్యాంకుల తర్వాత, ఉద్యోగుల తర్వాత, ఏమైనా మిగిలితే.

అందుకని మేము కోరేవి ఇవి.

1. ప్రయాణ తేదీకి 30 రోజులకు మించి ముందు వసూలు చేసిన టికెట్ డబ్బును విడి ఖాతాలో ఉంచాలి. విమానం ఎగిరాకే సంస్థ దాన్ని తీసుకోవాలి. మొత్తం ఒకేసారి కష్టమైతే మొదటి ఏడాది నాలుగో వంతుతో మొదలుపెట్టి, ఏటా పెంచండి. దీనికి తోడు ప్రతి టికెట్‌పై కొద్ది రూపాయలతో ప్రయాణికుల రక్షణ నిధి పెట్టండి. చిన్న నగరాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకానికి లెవీ వసూలు చేయగలిగినప్పుడు ఇదీ చేయగలరు. టికెట్ ధర కాస్త పెరుగుతుంది. ఆ మాట ప్రయాణికులకు చెప్పి ఒప్పించే బాధ్యత మేము తీసుకుంటాం.

2. రీఫండ్ ప్రయాణికుడి ఖాతాకే నేరుగా చేరాలి. బుకింగ్ సమయంలోనే ప్రయాణికుడి సొంత మొబైల్ నంబరు, బ్యాంకు ఖాతా లేదా యూపీఐ ఐడీ తప్పనిసరి చేయండి. ఏజెంట్ నంబరు రెండోదిగా ఉండవచ్చు. నగదుకు కొన్న టికెట్ డబ్బు కూడా ఇలాగే వెళ్లాలి. ఏజెంట్ వాలెట్‌కో కన్సాలిడేటర్ ఖాతాకో జమ చేసి 'రీఫండ్ అయింది' అని రాయడాన్ని చెల్లనిదిగా ప్రకటించండి. ఇది మా చేతుల మీదుగా నడిచే డబ్బును తగ్గిస్తుంది. అయినా మేమే అడుగుతున్నాం.

3. గ్రూపు డిపాజిట్‌ను టికెట్‌తో సమానంగా చూడాలి. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల విమానం ఆగితే పేర్లు ఇచ్చినా ఇవ్వకపోయినా పూర్తి డిపాజిట్ తిరిగి రావాలి.

4. ప్రభుత్వం దారి మూసినప్పుడు ప్రయాణికుడిని 'నో షో' అనకూడదు. కంటైన్‌మెంట్ జోన్ ఉత్తర్వు, సరిహద్దు పాస్ తిరస్కరణ, క్వారంటైన్ నోటీసు వీటిలో ఏ ఒక్కటి చూపినా ఆ టికెట్‌ను సంస్థే రద్దు చేసినట్టు లెక్కించాలి. సరిహద్దులో విమానం టికెట్‌నే పాస్‌గా ఒప్పుకునేలా రాష్ట్రాలతో ముందే మాట్లాడి పెట్టండి. విమానాశ్రయం లేని జిల్లాలకు ఇది ప్రాణం.

5. క్రెడిట్ షెల్ ప్రయాణికుడు ఓటీపీతో ఒప్పుకుంటేనే ఇవ్వాలి, ఆ సందేశం తెలుగులో రావాలి. ఆ దారిలో విమానాలు మామూలుగా నడవడం మొదలైన ఏడాది దాకా అది చెల్లాలి. ఇంట్లో ఇంకొకరి పేరుకు మార్చుకునే వీలుండాలి. గడువు తీరిన మర్నాడే మిగిలిన డబ్బు అడక్కుండా ఖాతాలో పడాలి.

6. విమాన సంస్థలకు పార్కింగ్ ఛార్జీల మినహాయింపు, హామీ రుణం, పన్ను వాయిదా ఏది ఇచ్చినా ఒక షరతు ఉండాలి. ఆ సాయంలో కొంత భాగం ముందుగా రీఫండ్‌లకే వెళ్లాలి, ఎంత వెళ్లిందో నెలనెలా బయట పెట్టాలి. 2022 అక్టోబర్‌లో విమాన సంస్థల హామీ రుణ పరిమితిని రూ.1,500 కోట్లకు పెంచినప్పుడు ప్రయాణికుల బాకీ గుర్తుకొచ్చి ఉంటే ఎంతో బాగుండేది. నిలిపిన విమానాల సంరక్షణకు, పైలట్ల శిక్షణకు అయ్యే ఖర్చును ఈ షరతు నుంచి మినహాయించండి. భద్రతలో బేరం వద్దు.

7. 2020, 2021 నాటి టికెట్లలో ఇంకా ప్రయాణికుడికి చేరని మొత్తం ఎంతో ప్రతి సంస్థా, ప్రతి పోర్టల్ ప్రకటించాలి. బ్యాంకుల్లో ఎవరూ అడగని డిపాజిట్లను వెతుక్కునే ఏర్పాటు ఉన్నట్టే, పీఎన్‌ఆర్ నంబరో 13 అంకెల ఈ-టికెట్ నంబరో కొడితే వివరం కనిపించే పేజీ పెట్టాలి. ఈ బాకీలకు రెండేళ్ల గడువు అడ్డు చెప్పబోమని సంస్థల చేత రాయించండి.

8. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్‌టీ నంబరు ఉన్న చిన్న ఏజెంట్లను జిల్లా పర్యాటక అధికారి గుర్తిస్తే చాలు, విపత్తు రుణాలకు అర్హత ఇవ్వండి. ఆ రుణం తీసుకున్న ఏజెంట్ ప్రయాణికుల బాకీలు తీర్చాకే మిగతాది వాడుకోవాలన్న షరతు పెట్టండి. మాకు సమ్మతమే.

ప్రయాణికులకు ఒక మాట. ఇంట్లో పాత ఈ-టికెట్ ప్రింటు ఉంటే పారేయవద్దు. పీఎన్‌ఆర్, 13 అంకెల నంబరు, డబ్బు కట్టిన రసీదు, బుక్ చేసిన ఏజెంట్ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు సంస్థకు రాతపూర్వకంగా రాయండి, తర్వాత పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు దాచుకోండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులో కూడా మాట్లాడుతుంది. ఏజెంట్ దగ్గరికి వెళ్తే 'రీఫండ్ వచ్చిందా' అని మాత్రమే అడిగి వచ్చేయకండి. 'వాలెట్ స్టేట్‌మెంట్ చూపించండి' అని అడగండి. మా షాపుల్లో అడిగినా సరే.

అధికారులకు చివరి విన్నపం. వచ్చే వేసవి యాత్రల బుకింగ్‌లు జనవరి మొదటి వారంలో మొదలవుతాయి, సంక్రాంతి అయ్యాక ఊపందుకుంటాయి. పైన రాసినవాటిలో 2, 3, 4 అంశాలకు కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధన సవరిస్తే సరిపోతుంది. ఆ సవరణ ముసాయిదాను ఈ డిసెంబర్‌లోపు ప్రజల ముందు పెట్టండి. అభిప్రాయాలు తెలుగులో పంపే వీలు కల్పించండి. నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో ఒక్కో రోజు విచారణ పెడితే టికెట్ కాగితాలతో సహా ప్రయాణికులను మేము తీసుకొస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల విమాన టికెట్ ఏజెంట్లు, యాత్రల నిర్వాహకులు